నగరాల నెత్తిన రాళ్లవాన

1888 ఏప్రిల్ 30న ఉత్తర భారతంలోని మొరాదాబాద్ మీద వడగళ్లు కురిశాయి. ఎండలు ముదిరిన రోజులు. పైగా పెళ్లిళ్ల కాలం. ఊరి చుట్టూ పది కిలోమీటర్ల మేర ఆరుబయట చిక్కుకున్నవాళ్లకు తలదాచుకునే చోటు లేకపోయింది. నది ఒడ్డున నడుస్తున్న పెళ్లి బృందాలు ఎక్కడివక్కడ కూలిపోయాయి. గుర్రప్పందేల మైదానంలోనే 14 శవాలు దొరికాయి. గొడ్లూ గొర్రెలూ మేకలూ కలిపి 1,600 దాకా చచ్చాయి. రాళ్ల దెబ్బకే కొందరి ప్రాణాలు పోయాయి. మరికొందరు దెబ్బ తిని పడిపోయి, మీద పేరుకున్న మంచుగడ్డల కింద చలికి కొయ్యబారి పోయారు. మొత్తం 246 మంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో వాతావరణ విపత్తుల మరణాల పట్టికను ఖరారు చేసినప్పుడు, వడగళ్ల వరుసలో మొదటి స్థానం మొరాదాబాద్‌కే దక్కింది.

1999 ఏప్రిల్ 14 రాత్రి ఆస్ట్రేలియాలోని సిడ్నీ మీద అంతకు తీసిపోని రాళ్లు పడ్డాయి. అక్కడ పోయింది ఒకే ఒక్క ప్రాణం, అదీ సముద్రంలో పడవ మీదున్న మనిషికి పిడుగు తగిలి. కానీ బీమా సంస్థలు చెల్లించిన పరిహారమే 170 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ దేశ బీమా చరిత్రలో అప్పటికి అంత పెద్ద దెబ్బ ఇంకొకటి లేదు.

ఈ రెండు తేదీల నడుమ వడగళ్ల చరిత్ర తలకిందులైంది. మనుషుల్నీ పంటల్నీ చంపిన రాయి క్రమంగా కప్పుల్నీ కార్లనీ అద్దాల్నీ వెతుక్కుంది. రాయి బలం పెరగడం కంటే దాని కింద మనం పరిచిన సొత్తు పెరగడమే ఇందుకు ప్రధాన కారణం. శతాబ్దాలుగా మన బుద్ధంతా మేఘాన్ని లొంగదీయడం మీదే పెట్టాం. కప్పు గట్టిదా కాదా అని అడగడం మొదలుపెట్టి నలభై ఏళ్లు కూడా కాలేదు. వెనక్కి తిరిగి చూస్తే దొరికే పాఠం ఇదే.

రాజులను కదిలించిన రాళ్లు

1360 ఏప్రిల్ 13న ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ సైన్యం ఫ్రాన్స్‌లో షార్ట్ర్ పట్టణం బయట విడిది చేసి ఉంది. పిడుగులతో, పెద్ద వడగళ్లతో వచ్చిన గాలివాన ఆ గుడారాల మీద విరుచుకుపడింది. సుమారు వెయ్యిమంది సైనికులు, వేల గుర్రాలు చనిపోయాయని ఆనాటి చరిత్రకారులు రాశారు. ఇది దైవాగ్రహమని రాజు భయపడ్డాడు. నెల తిరక్కుండానే బ్రెటిన్యీలో సంధి కుదిరింది, రెండు దేశాల నడుమ సాగుతున్న నూరేళ్ల యుద్ధం కొన్నాళ్లు ఆగింది. ఆ చావులన్నీ ఆరుబయట గుడ్డ గుడారాల కింద ఉన్నవాళ్లవే.

1788 జులై 13న అదే ఫ్రాన్స్‌లో వడగళ్ల గాలివాన నైరుతి నుంచి ఈశాన్యానికి రెండు సమాంతర పట్టీలుగా సాగింది. వెయ్యికి పైగా గ్రామాల్లో కోతకు వచ్చిన పంట నేలమట్టమైంది. ఆ ఏడు పంట అప్పటికే బాగాలేదు, పైగా దారుణమైన చలికాలం వెంటే వచ్చింది. రొట్టె ధర సామాన్యుడికి అందకుండా పోయింది. మరుసటి ఏడాది ఇంచుమించు అదే తేదీకి పారిస్ జనం బాస్టీల్ కోట ముందు నిలబడ్డారు. విప్లవాన్ని వడగళ్లు తెచ్చాయనడం అతిశయోక్తి. ఆకలికి అవీ ఒక చెయ్యి వేశాయనడం మాత్రం నిజం. ఆ గాలివాన దారిని అక్కడి పండితులు ఊరూరా వివరాలు సేకరించి పటంగా గీశారు. వడగళ్లు పట్టీలుగా పడతాయని, ఒక ఊరిని చితక్కొట్టి పక్క ఊరిని వదిలేస్తాయని కాగితం మీద కనబడింది అప్పుడే.

మన దేశంలో ఇలాంటి లెక్క కట్టినవాళ్లలో బొంబాయికి చెందిన జార్జ్ బ్యూయిస్ట్ మొదటి వరసలో ఉంటాడు. 1850లలో ఆయన దేశం నలుమూలల నుంచి వడగళ్ల వార్తలు కూడబెట్టాడు. తర్వాత భారత వాతావరణ శాఖ అధిపతి జాన్ ఎలియట్ 1883 నుంచి 1897 వరకు కురిసిన వడగళ్లన్నిటినీ ఒక పెద్ద నివేదికగా కూర్చాడు. మొరాదాబాద్ ఘోరం ఇంత వివరంగా మనకు దక్కడానికి ఆనాటి ఇలాంటి రాతలే ఆధారం.

ఇంకా వెనక్కి వెళ్తే ఉత్తరాఖండ్‌లోని రూప్‌కుండ్ సరస్సు కనబడుతుంది. 5,000 మీటర్ల ఎత్తున వందలాది మనుషుల ఎముకలు. పుర్రెల మీద పైనుంచి తగిలినట్లున్న గాయాలు చూసి, పన్నెండు వందల ఏళ్ల కిందటి యాత్రికులను వడగళ్లు చంపాయని చాలాకాలం చెప్పుకున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి చేసి, 2019లో వెలువరించిన డీఎన్ఏ అధ్యయనం కథను మార్చింది. అక్కడి వాళ్లందరూ ఒకేసారి పోలేదు. వెయ్యేళ్ల తేడాతో చనిపోయినవాళ్లున్నారు, మధ్యధరా తూర్పుతీరపు మూలాలున్నవాళ్లూ ఉన్నారు. కొందరిని వడగళ్లే చంపి ఉండొచ్చుగానీ, అందరి చావునూ ఆ ఒక్క కారణం కింద వేయలేం.

గంటలు మోగించారు, ఫిరంగులు పేల్చారు

పంట కళ్లముందే పోతుంటే చూస్తూ కూర్చోవడం ఏ రైతు వల్లా కాదు. యూరప్‌లో శతాబ్దాల పాటు మేఘం కమ్మగానే చర్చి గంటలు మోగించేవారు. శబ్దానికి మేఘం చెదురుతుందని నమ్మకం. మెరుపులు చుట్టూ మెరుస్తుంటే ఊరికంతటికీ ఎత్తయిన గోపురంలో తడిసిన తాడు పట్టుకుని నిలబడడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? గంట మోగిస్తూ పిడుగుపాటుకు పోయినవాళ్లు ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దపు రెండో సగంలోనే వందకు మించారు.

1896లో ఆస్ట్రియాలో, నేటి స్లొవేనియా ప్రాంతంలో, ఆల్బర్ట్ స్టీగర్ అనే ద్రాక్ష రైతు గరాటు ఆకారంలో నిలువు ఫిరంగి తయారు చేయించాడు. ఆకాశం వైపు పేలిస్తే పొగ వలయం ఈలవేస్తూ పైకి వెళ్లేది. ఆ ఏడూ మరుసటి ఏడూ అక్కడ వడగళ్లు పెద్దగా పడలేదు. అంతే, వార్త పాకింది. నాలుగేళ్లు తిరక్కుండా ఒక్క ఇటలీలోనే పదివేల ఫిరంగులు నిలిచాయి. పేలుళ్లలో మనుషులు పోయారు కూడా. చివరికి ప్రభుత్వాలే పూనుకుని 1903, 1904లలో రెండు చోట్ల జాగ్రత్తగా పరీక్షించాయి. ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి, వడగళ్లు పడుతూనే ఉన్నాయి. మోజు అంతటితో తీరింది. తీరిందనుకున్నా, వందేళ్ల తర్వాత హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటల్లో అదే జాతి యంత్రాలు మళ్లీ వెలిశాయి. ఆ తోటల్ని నిజంగా కాపాడుతున్నది మాత్రం చెట్ల మీద పరిచిన వలలు.

1946లో అమెరికాలో బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్ రేణువుల చుట్టూ మంచు గడ్డకడుతుందని కనిపెట్టడంతో కొత్త ఆశ పుట్టింది. మేఘంలో మంచు విత్తనాలు ఎక్కువ చల్లితే ఉన్న నీటిని అవన్నీ పంచుకుంటాయి, ఏ ఒక్క రాయీ పెద్దది కాలేదు అన్నది సూత్రం. సోవియట్ యూనియన్ కాకసస్ పర్వతాల్లో రాకెట్లతో మేఘాల్ని కొట్టి ఘనమైన ఫలితాలు సాధించామని చాటింది. దాన్ని సరిచూడ్డానికి అమెరికా 1970లలో కొలరాడోలో ప్రయోగం చేసింది. 1977 నుంచి 1981 వరకు స్విట్జర్లాండ్‌లో సోవియట్ పద్ధతినే అచ్చంగా పరీక్షించారు. తేడా ఉందని రెండు చోట్లా రుజువు కాలేదు. అయినా కెనడాలోని ఆల్బెర్టాలో 1996 నుంచి బీమా సంస్థలే సొంత ఖర్చుతో విమానాలు పంపి మేఘాల్లో ఈ మందు చల్లిస్తున్నాయి.

ఒక రాయి లోపల

పెద్ద వడగల్లు ఒకదాన్ని అడ్డంగా కోసి చూస్తే తెల్లటి పొర, గాజులాంటి పొర ఒకదాని మీద ఒకటి వలయాలుగా కనబడతాయి. అది పుట్టేది క్యుములోనింబస్ మేఘంలో. ఆ మేఘం లోపల గాలి నిలువునా పైకి ఉరుకుతుంటుంది. సున్నా డిగ్రీల కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బిందువులు అందులో కోట్లుగా తేలుతుంటాయి. చిన్న మంచు పలుకు వాటిని తాకగానే అవి దానికి అతుక్కుని గడ్డకడతాయి. చలి బాగా ఉన్నచోట వెంటనే గడ్డకట్టి గాలి బుడగల్ని బంధిస్తే తెల్ల పొర. నీరు ఎక్కువై మెల్లగా పరుచుకుని గడ్డకడితే గాజు పొర. కింది నుంచి ఎగదన్నే గాలి మోయగలిగినంత కాలం రాయి పెరుగుతూ ఉంటుంది. మోయలేని క్షణంలో నేలకు దిగుతుంది.

రెండున్నర నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల రాళ్లు గంటకు 40 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో పడతాయి. పది సెంటీమీటర్లు దాటినవి 160 మించిన వేగంతో దిగుతాయి. అడ్డుకొలత రెట్టింపైతే దెబ్బలోని శక్తి సుమారు పదహారు రెట్లవుతుంది. ఒక ఊళ్లో పెంకు చెక్కుచెదరకపోవడం, పక్క ఊళ్లో కప్పే పగిలిపోవడం వెనకున్న లెక్క ఇదే. ఇప్పటిదాకా తూచినవాటిలో బరువైనది 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది, కిలోకి కాస్త ఎక్కువ. కొలతలో పెద్దది 2010 జులై 23న అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం వివియన్‌లో పడిన 20 సెంటీమీటర్ల రాయి.

మ్యూనిక్ మేల్కొలుపు

నగరం అంతకుముందు దెబ్బ తినలేదని కాదు. 1947 జనవరి 1న, సెలవు రోజున, సిడ్నీ బీచ్‌లు జనంతో కిక్కిరిసి ఉన్నప్పుడు వడగళ్లు పడి సుమారు వెయ్యిమంది గాయపడ్డారు. కానీ వడగళ్లు నగరానికి ఆర్థిక విపత్తు అని లోకం గుర్తించింది 1984 జులై 12న, జర్మనీలోని మ్యూనిక్‌లో. సాయంత్రం పూట తొమ్మిదిన్నర సెంటీమీటర్ల దాకా ఉన్న రాళ్లు ఊరి మీద పడ్డాయి. 70,000 ఇళ్ల కప్పులు, రెండు లక్షలకు పైగా కార్లు దెబ్బతిన్నాయి. 400 మంది గాయపడ్డారు. మొత్తం నష్టం 300 కోట్ల మార్కులు, అందులో సగం బీమా సంస్థల నెత్తిన పడింది. బీమా కంపెనీలకే బీమా చేసే మ్యూనిక్ రీ సంస్థ ముఖ్య కార్యాలయం ఉన్నది ఆ ఊళ్లోనే. వరదకీ భూకంపానికీ లెక్కలు కట్టే ఆ పరిశ్రమ వడగళ్లను పొలం గట్టు దాటించి నగరం పద్దులోకి ఎక్కించింది.

ఆ తర్వాత వరస మొదలైంది. 1990 జులై 11న అమెరికాలోని డెన్వర్‌లో కరెంటు పోయి, వినోద పార్కులోని జెయింట్ వీల్ ఆగిపోయింది. అందులో కూర్చున్నవాళ్లు దిగలేక వడగళ్ల దెబ్బలు తిన్నారు. 1991 సెప్టెంబర్ 7న కెనడాలోని క్యాల్గరీ. 1995 మే 5న టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్, అక్కడ ఆరుబయట ఉత్సవానికి వచ్చిన జనం మీద రాళ్లు పడి వందమందికి పైగా గాయపడ్డారు.

సిడ్నీ 1999 వీటిలో ప్రత్యేకం. ఏప్రిల్ అక్కడ శరదృతువు, వడగళ్ల కాలం దాటిపోయిందని అందరి లెక్క. నగరానికి దక్షిణంగా పుట్టిన మేఘం సముద్రం మీదికి వెళ్లిపోతుందనుకున్నారు, హెచ్చరిక ఇవ్వలేదు. అది దారి మార్చి రాత్రి ఎనిమిదికి ముందు తూర్పు పేటల మీదికి వచ్చింది. గంటలోపే 20,000 ఇళ్లు, భవనాలు, 40,000 వాహనాలు, విమానాశ్రయంలో పాతికకు పైగా విమానాలు దెబ్బతిన్నాయి. పాత ఇళ్ల మట్టి పెంకులకూ పలకరాతి కప్పులకూ చిల్లులు పడ్డాయి. టార్పాలిన్లు కప్పారు. మళ్లీ వానలు, గాలులు వచ్చి ఆ టార్పాలిన్లను లేపేశాయి. కప్పులు వేసే పనివాళ్లు, పెంకులు దొరక్క నెలల తరబడి జనం నీలిగుడ్డల కింద గడిపారు. ముందు రాయి చేసిన నష్టం ఒకటి, కప్పు తెరుచుకున్నాక వాన చేసిన నష్టం దాని వెనకే వచ్చింది.

క్యాల్గరీ కథ ఇంకా బాధాకరం. 2020 జూన్ 13న ఈశాన్య పేటల మీద రాళ్లు పడి వంద కోట్ల కెనడియన్ డాలర్లు దాటిన నష్టం జరిగింది. గట్టి కప్పు వేయించుకునే ఇంటివాళ్లకు నగరపాలక సంస్థ 3,000 డాలర్ల దాకా తిరిగి ఇచ్చే పథకం పెట్టింది. మంచి ఆలోచనే, అందుకున్నవాళ్లు కొద్దిమందే. 2024 ఆగస్టు 5న మేఘం మళ్లీ ఆ పేటలనే కొట్టింది. నష్టం దాదాపు 300 కోట్ల డాలర్లు.

ఎగిరే యంత్రాలు, ఎండ పలకలు

1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియాలో ఒక డీసీ-9 ప్రయాణికుల విమానం వడగళ్ల వానలోకి దూసుకెళ్లింది. నీరూ మంచూ మింగిన రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. రోడ్డు మీద దించబోయి కూలింది. నేల మీదివాళ్లతో కలిపి 72 మంది చనిపోయారు. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం వడగళ్లలో చిక్కి ముక్కు చితికిపోయినా, 220 మందికి పైగా ప్రయాణికులతో క్షేమంగా దిగింది. ఈ రెండు ఘటనల మధ్య రాడార్లు, ఇంజిన్ల పరీక్షలు, పైలట్ల శిక్షణ ఎంతో మెరుగుపడ్డాయి. విమానయానంలో ప్రతి ప్రమాదం నుంచీ నేర్చుకోవడం ఒక నియమం. కప్పుల విషయంలో ఆ నియమం లేదు.

అలా లేకపోతే ఏమవుతుందో సౌర ఫలకాల దగ్గర తెలిసింది. ఫలకానికి అంతర్జాతీయ ప్రమాణం కోరే వడగళ్ల పరీక్షలో సాధారణంగా 25 మిల్లీమీటర్ల మంచు బంతిని సెకనుకు 23 మీటర్ల వేగంతో కొడతారు. పెద్ద రాళ్లు పడే చోట ఆ పరీక్ష చాలదు. 2019 మేలో పడమటి టెక్సస్‌లోని ఒక్క సౌర క్షేత్రంలోనే లక్షల ఫలకాలు దెబ్బతిని ఏడు కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. అప్పటినుంచి మందమైన అద్దం వాడటం, మేఘం వస్తోందనగానే ఫలకాల్ని ఏటవాలుగా నిలబెట్టడం నేర్చుకున్నారు.

కప్పుల దగ్గర ఈ దారి ముందే పట్టినవాళ్లు స్విట్జర్లాండ్ వాళ్లు. పెంకు, రేకు, కిటికీ తెర, పైకప్పు గాజు, ఏ సామగ్రి ఎన్ని సెంటీమీటర్ల మంచు బంతిని తట్టుకుంటుందో పరీక్షించి ఒక పట్టీ పెట్టారు. కొనేవాడు ఆ అంకె చూసి కొనుక్కుంటాడు. అమెరికాలో 1990లలో వచ్చిన కప్పుల పరీక్షలో నాలుగో తరగతి అన్నిటికంటే గట్టిది, అది వేయించుకుంటే టెక్సస్‌లో బీమా ప్రీమియం తగ్గుతుంది. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది చదువుకుని తెలుసుకునే సంగతి కాదు. వడగళ్లు పడ్డ మర్నాడే కప్పులు వేసేవాళ్లు తలుపు తడతారు. వడగళ్ల నష్టంలో ఇంటివాళ్లే భరించాల్సిన మినహాయింపు సొమ్ము ఇంటి బీమా విలువలో ఒకటి రెండు శాతంగా ఉంటుంది కాబట్టి, క్లెయిమ్ చేసినా వేల డాలర్లు సొంత జేబులోంచే పోతాయి.

మన నెత్తి మీద

తెలుగు రాష్ట్రాల్లో వడగళ్లంటే మార్చి నుంచి మే దాకా రైతు గుండెల్లో రాయి. కల్లంలో ఆరబోసిన మిర్చి, కొనుగోలు కేంద్రంలో కుప్పపోసిన వడ్లు, పిందె దశలోని మామిడి అన్నీ ఆ గంటలోనే పోతాయి. 2014 ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా మహారాష్ట్రను వారాలపాటు కొట్టిన వడగళ్లను దక్కన్ మరచిపోలేదు. 2023 మార్చిలో వికారాబాద్ వైపు పొలాలు తెల్లబడి కశ్మీరు దృశ్యాల్లా కనిపించాయని ఫోన్లలో బొమ్మలు తిరిగాయి. ఆ తెలుపు కింద ఒక ఏడాది రెక్కల కష్టం నలిగి ఉంది. ఫసల్ బీమాలో వడగళ్లను స్థానిక విపత్తుగా లెక్కించి, 72 గంటల్లో తెలియజేస్తే ఆ ఒక్క పొలానికే పరిహారం కట్టే ఏర్పాటు ఉంది. విపత్తు సహాయ నిధి నిబంధనల్లోనూ వడగళ్ల పేరుంది. పొలం గురించి మన వ్యవస్థ కొంతైనా ఆలోచించింది.

నగరం గురించి ఆలోచించలేదు. హైదరాబాద్ పడమటి వైపు నిలువెత్తు గాజు భవనాలు లేస్తున్నాయి. మిద్దెల మీద సౌర ఫలకాలు పెరుగుతున్నాయి. అపార్టుమెంటుకు రెండు కార్లు, చోటు చాలక ఒకటి వీధిలో. మ్యూనిక్‌కీ సిడ్నీకీ అంత నష్టం తెచ్చిన సరుకంతా మనమూ పోగేసుకుంటున్నాం. మనకంటే ఉత్తరాదిలో వడగళ్లు ఎక్కువన్నది నిజమే. వేడి ప్రాంతాల్లో రాళ్లు కిందికి వచ్చేలోపే చాలావరకు కరిగిపోతాయి. కానీ భూమి వేడెక్కుతున్నకొద్దీ చిన్న రాళ్లు కరిగిపోయి, పైన గాలిలో తేమా బలమూ పెరిగి, పడే కొద్ది రోజుల్లో పెద్దవి పడే అవకాశం ఎక్కువని శాస్త్రవేత్తల అంచనా.

కారుకు సమగ్ర బీమా ఉంటే వడగళ్ల దెబ్బకు పరిహారం వస్తుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. ఆటో, టాక్సీ నడుపుకునేవాళ్లలో ఎందరికి మొదటిది ఉంది? గాజు భవనానికి బీమా ఉంటుంది. దాని వెనక బస్తీలో సిమెంటు రేకుల కింద ఉన్న కుటుంబానికి ఉండదు. రేకు పగిలితే రాయితో పాటు ముక్కలూ పిల్లల మీదే పడతాయి. ఆ వెంటనే వాన బియ్యం డబ్బా మీద, పుస్తకాల సంచి మీద పడుతుంది. కోట్ల డాలర్ల పట్టికల్లో ఎక్కని నష్టం ఇది. మొరాదాబాద్‌లో చచ్చినవాళ్లు ఆరుబయట ఉన్నవాళ్లు. నేటి నగరంలో ఆరుబయటికి దగ్గరగా బతుకుతున్నది వీళ్లే.

చేయవలసినవి పెద్ద విద్యలేమీ కావు. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖలలో డాప్లర్ రాడార్లున్నాయి. రెండు మూడు గంటల ముందు వడగళ్ల సూచన ఇవ్వగలిగే స్థితికి వాతావరణ శాఖ వచ్చింది. ఆ సూచన కల్లం దగ్గరి రైతుకూ, తోపుడుబండి మనిషికీ, రేకుల ఇంటికీ తెలుగులో, సమయానికి చేరాలి. ప్రభుత్వం కట్టించే ఇంటి కప్పుకూ, రాయితీ ఇచ్చే సౌర ఫలకానికీ ఎంత పెద్ద రాయిని తట్టుకోవాలో టెండరులోనే రాయాలి. రేకు మార్చుకోవడానికి బస్తీలకు సాయం అందాలి. గంటలతోనూ ఫిరంగులతోనూ మేఘాన్ని గెలవాలని చూసిన శతాబ్దాలు మనకు చెప్పేది ఒక్కటే. పైనున్నది మన చేతిలో లేదు. నెత్తిన ఉన్న కప్పు మాత్రం మనమే వేసుకున్నది, దాన్ని గట్టిగా వేసుకోవడం మన పనే. ఆ పని రేకుల ఇళ్ల నుంచే మొదలవ్వాలి.